తాళం చేతిలో ఉంటే చాలదు... కాగితం ఎవరి పేరున ఉంది?

పెళ్లయి విదేశం వెళ్తున్న అమ్మాయి పెట్టెలో మనం ఏమేం సర్దుతామో మీకు చెప్పక్కర్లేదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కుక్కరు, ఇడ్లీ రేకులు, పట్టుచీరలు రెండు. బరువు ఎక్కువైందని విమానాశ్రయంలో సగం తీయించే దాకా సర్దుతూనే ఉంటాం. కానీ ఆ పిల్ల చేతిలో డ్రైవింగ్ లైసెన్సు ఉందా, పాస్‌పోర్టులో ఇంటిపేరు రాసే గడి నిండి ఉందా, అక్కడికి వెళ్లాక కొనే కారు ఎవరి పేరున ఉండబోతోంది అని అడిగేవాళ్లు ఎంతమంది? "అవన్నీ అల్లుడు చూసుకుంటాడులే" అనేస్తాం.

అల్లుడు చూసుకుంటాడు, నిజమే. మా వారూ చూసుకున్నారు. కానీ ఆయన ఆఫీసులో ఉన్నప్పుడు, ఊళ్లో లేనప్పుడు, ఆయనకే కష్టం వచ్చినప్పుడు చూసుకోవాల్సింది ఎవరు? 2017 నుంచి 2021 దాకా కాలిఫోర్నియాలో శాన్ హోసే ఊళ్లో కాపురం చేసి, తిరిగి మా పొదిలి చేరిన దాన్ని. మా చుట్టుపక్కల మార్కాపురం, కనిగిరి, గిద్దలూరుల నుంచి కూడా ఇప్పుడు పిల్లలు అమెరికా, దుబాయ్ వెళ్తున్నారు. వాళ్ల తల్లులు కనిపించినప్పుడల్లా నన్ను అడిగేది చలి గురించి, కూరగాయల గురించి. నేను చెప్పేది మాత్రం పాత కారు గురించి, దాని కాగితాల గురించి. ఆ కబుర్లే ఇవి.

కారంటే అక్కడ కాళ్లు

పొదిలిలో నాకు కారు లేని లోటు ఏనాడూ తెలియలేదు. వీధి చివరికి వెళ్తే ఆటో ఉంటుంది. బస్టాండుకు వెళ్తే ఒంగోలుకో మార్కాపురానికో బస్సు ఉంటుంది. పాలు ఇంటి ముందుకొస్తాయి, కూరలు బండి మీదొస్తాయి. అక్కడ అలా కాదు. పాల డబ్బా అయిపోతే అరగంట నడవాలి, తిరిగి మోసుకురావాలి. బస్సు ఉన్నా గంటకొకటి. పిల్లకు జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి ఎవరో ఒకరు దింపాలి.

పైగా మనవాళ్లు చాలామంది వెళ్లేది హెచ్-4 వీసా మీద. అంటే భర్త ఉద్యోగం మీద ఆధారపడిన భార్య వీసా. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. భర్త గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వెళ్లి ఉంటే, 2015 మే నుంచి కొందరికి అనుమతి దొరుకుతోంది, అంతే. చదువుకున్న పిల్ల, మొన్నటి దాకా సొంత సంపాదన ఉన్న పిల్ల, ఒక్కసారిగా పగలంతా నాలుగు గోడల మధ్య కూర్చోవాలి. అలాంటి చోట కారు నడపడం రావడం అంటే షోకు కాదండీ. మనిషిగా బయటికి రావడం.

అందుకే వెళ్లక ముందే ఇక్కడ లైసెన్సు తీసుకోమంటాను. దాంతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా మన రవాణా ఆఫీసులోనే ఇస్తారు. పాస్‌పోర్టు, వీసా, ఉన్న లైసెన్సు చూపించి 4-ఏ ఫారం నింపితే చాలు. ఏడాది చెల్లుతుంది. అయితే ఇది అక్కడి లైసెన్సుకు బదులు కాదు. కాలిఫోర్నియాలో కాపురం పెట్టినవాళ్లు పది రోజుల్లో అక్కడి లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలని నియమం. రాతపరీక్ష రాయాలి, ఆ తర్వాత పరీక్షాధికారిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాలి. ఉద్యోగం లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, నంబరు లేకపోతే లైసెన్సు రాదు అని చాలామంది భయపడతారు. అది అపోహ. ఆ నంబరుకు అర్హత లేని వాళ్లకు కూడా పాస్‌పోర్టు, ఐ-94 కాగితం చూసి లైసెన్సు ఇస్తారు. కాకపోతే వీసా గడువు ఎప్పటికో లైసెన్సు గడువూ అప్పటికే. వీసా పొడిగించుకున్నప్పుడల్లా మళ్లీ వెళ్లాలి.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే

కాగితాల గొడవ మొదలయ్యేది కారు దగ్గర కాదు, మన పేరు దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. పాన్‌కార్డులో ఒట్టి అక్షరం. ఇక్కడ ఎలాగో నడిచిపోతుంది. "ఇద్దరూ ఒకరేనండీ" అని ఎవరో ఒకరు చెప్తారు. అక్కడ చెప్పేవాళ్లు ఉండరు.

మనలో కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. పేరంతా ఒకే గడిలో రాసేస్తారు. అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఆ పేరంతా తీసుకెళ్లి ఇంటిపేరు గడిలో పెడతారు. అసలు పేరుండాల్సిన చోట 'ఎఫ్.ఎన్.యు' అని మూడక్షరాలు పడతాయి. అంటే 'పేరు తెలియదు' అని. మా అపార్ట్‌మెంట్లలో ఉండే కర్నూలు అమ్మాయిని బ్యాంకులో, ఆస్పత్రిలో, బడిలో అందరూ "ఫ్నూ" అని పిలిచేవాళ్లు. నవ్వొస్తుంది గానీ, తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు పోయి, మూడక్షరాల ముద్ర మిగలడం నవ్వుకునే సంగతేం కాదు.

లైసెన్సు మీద ఒకరకంగా, ఇన్సూరెన్సులో ఇంకోరకంగా, కారు కాగితం మీద మరోరకంగా పేరుంటే అమ్మేటప్పుడు చిక్కొస్తుంది. అందుకని వీసాకు వెళ్లే ముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నిండేలా చూసుకోండి. పెళ్లయితే ఇంటిపేరు మార్చి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. పుట్టింటిదైనా, అత్తింటిదైనా మీ ఇష్టం. ఏది పెట్టుకున్నా అన్నిటి మీదా అదే ఉండాలి.

ఎద్దు పళ్లు, కారు నంబరు

మా మామగారు వ్యవసాయం చేసిన మనిషి. ఫోనులో మేం పాత కారు కొంటున్నామని చెబితే, "పాతది కొంటున్నారా? పళ్లు చూశారా అమ్మా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో ఎంత అర్థం ఉందో తర్వాత తెలిసింది. సంతలో ఎద్దును కొనేవాడు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా అని. ఒంటి మీద సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. ఆ తర్వాతే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం.

కారుకూ అంతే. దాని పళ్లు ఎక్కడుంటాయంటే ముందు అద్దం కింద, డ్రైవరు కూర్చునే వైపు. అక్కడ చిన్న పలక మీద 17 గుర్తులు, అంకెలూ అక్షరాలూ కలిపి ఉంటాయి. దాన్ని 'విన్' నంబరు అంటారు. 1981 నుంచి ప్రతి కారుకూ 17 గుర్తులే. ఒకటికీ సున్నాకీ పొరపడకూడదని ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. పదో స్థానంలో ఉన్న గుర్తు ఆ కారు ఏ సంవత్సరం మోడలో చెప్తుంది. మేం చూసిన కారుకు అక్కడ 'సి' ఉంది. సి అంటే 2012. అమ్మే ఆయన చెప్పిన ఏడూ అదే. తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీదా, యజమాని పత్రం మీదా అవే 17 గుర్తులు ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యాలి.

ఆ నంబరు పట్టుకుని కారు చరిత్ర తెలుసుకోవచ్చు. డబ్బు కడితే వివరంగా రిపోర్టు ఇచ్చే సంస్థలున్నాయి. దొంగిలించిన బండా, ఇన్సూరెన్సు కంపెనీ పనికిరాదని రాసేసిన బండా అన్నది అక్కడి జాతీయ బీమా నేరాల బ్యూరో వాళ్లు ఉచితంగా చూడనిస్తారు. రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ వాళ్ల దగ్గర అదే నంబరు కొడితే, కంపెనీ వెనక్కి పిలిచిన లోపాలేమైనా బాగుచెయ్యకుండా మిగిలాయా అన్నదీ తెలుస్తుంది. ఇది చాలా ముఖ్యం. టకాటా అనే కంపెనీ చేసిన గాలిసంచులు ప్రమాదంలో పేలి ముక్కలు తగిలి మనుషులు చనిపోయారు. అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల సంచుల్ని వెనక్కి పిలిచారు. అవి చాలావరకు పాత కార్లలోనే ఉండేవి. అలాంటి లోపం ఉంటే కంపెనీ డీలరు పైసా తీసుకోకుండా మార్చి ఇవ్వాలి.

మరో మోసం వరద బండ్లు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చి హ్యూస్టన్ ఊరు మునిగినప్పుడు లక్షలాది కార్లు నీళ్లలో నానాయి. అలాంటివి కడిగి, తుడిచి, వేరే రాష్ట్రానికి తోలి అమ్మేవాళ్లు ఉంటారు. కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూస్తే ఒండ్రు, ముక్కుతో చూస్తే ముక్కవాసన. ఇల్లు నడిపే ఆడవాళ్లకు ముక్కవాసన కనిపెట్టడం ఒకరు నేర్పాలా?

మేం కొన్నది 2012 మోడల్ టయోటా కరోలా, 78 వేల మైళ్లు తిరిగింది. అంటే మన లెక్కలో లక్షా పాతిక వేల కిలోమీటర్లు. ధర 8,200 డాలర్లు. కొనే ముందు మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి వందకు పైగా డాలర్లిచ్చి చూపించాం. ఆ డబ్బు దండగ అనిపిస్తుంది. కానీ అమ్మేవాడు మెకానిక్‌కు చూపించనివ్వనన్నాడంటే, ఆ 'వద్దు' అన్న మాటే మీకు జవాబు.

డీలరు దగ్గర కొనేవాళ్లు కారు కిటికీకి అంటించిన కాగితం చదవాలి. 'బయ్యర్స్ గైడ్' అంటారు. 1985 నుంచి పాత కారు అమ్మే ప్రతి డీలరూ అది అంటించాలని అక్కడి కేంద్ర నియమం. అందులో 'యాజ్ ఈజ్' అన్న గడిలో టిక్కు ఉంటే, ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాం, తర్వాత మాకు సంబంధం లేదని అర్థం. అమ్మే అబ్బాయి నోటితో ఎన్ని హామీలిచ్చినా ఆ టిక్కు ముందు అవి గాలి మాటలే. ఇళ్ల దగ్గర సొంతంగా అమ్మేవాళ్లకు ఈ కాగితం అంటించాల్సిన పని లేదు. అక్కడ మన కళ్లే మనకు గైడ్.

గులాబీ రంగు లేని గులాబీ చీటీ

కారు ఎవరిదో చెప్పే పత్రాన్ని 'టైటిల్' అంటారు. కాలిఫోర్నియా వాళ్లు ముద్దుగా 'పింక్ స్లిప్' అంటారు. ఒకప్పుడు గులాబీ రంగులో ఉండేదట. రంగు మారింది గానీ పేరు మారలేదు. మన ఆర్.సి.కి, దీనికి తేడా ఉంది. అక్కడ బండిలో పెట్టుకు తిరిగే రిజిస్ట్రేషన్ కార్డు వేరు, ఇంట్లో భద్రంగా దాచుకునే టైటిల్ వేరు. మన పొలానికి దస్తావేజు ఎలాగో కారుకు టైటిల్ అలాగ.

అమ్మేవాళ్లు దాని మీద సంతకం చెయ్యాలి. బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు కూడా వదులుకున్నట్టు సంతకం చెయ్యాలి. మీటరు ఎంత తిరిగిందో రాయాలి. పొగ పరీక్ష సర్టిఫికెట్ అమ్మేవాళ్లే తెచ్చివ్వాలి. అది 90 రోజుల లోపుదై ఉండాలి. మరీ కొత్త కార్లకు, కరెంటు కార్లకు ఆ పరీక్ష ఉండదు. కొన్నవాళ్లు పది రోజుల్లో రవాణా ఆఫీసులో తమ పేరుకు మార్పించుకోవాలి. అమ్మినవాళ్లు ఐదు రోజుల్లో 'ఈ బండితో ఇక నాకు సంబంధం లేదు' అని తెలియజెయ్యాలి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. ఆ తర్వాత ఎవరో కట్టని పార్కింగ్ జరిమానాలు, టోలు బాకీలు వీళ్ల ఇంటికి వస్తాయి.

పన్ను కూడా అక్కడే కట్టాలి. రాష్ట్రమంతా కనీసం 7.25 శాతం, ఊరిని బట్టి అంతకంటే ఎక్కువ. మాకు 700 డాలర్లు దాటింది. అమ్మినాయన మంచివాడే, "ధర సగమే రాసుకోండి, పన్ను తగ్గుతుంది" అన్నాడు. మన దగ్గర స్థలాల రిజిస్ట్రేషన్‌లో వినని మాటా ఇది? కానీ ఆ ఫారం కింద, 'అబద్ధమైతే శిక్షకు సిద్ధం' అన్న మాట మీద సంతకం చెయ్యాలి. వీసా మీద ఉన్న మనిషికి మూడొందల డాలర్ల కోసం అలాంటి సంతకం ఎందుకు చెప్పండి? ఉన్న ధరే రాశాం.

ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కడానికి లేదు. మనం ఇక్కడ పదేళ్లు నడిపినా ఆ అనుభవాన్ని చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. అందుకే మొదట్లో ప్రీమియం ఎక్కువ. ఇంట్లో లైసెన్సున్న వాళ్లందరి పేర్లూ కంపెనీకి చెప్పాలి. భర్త పేరు ఒక్కటే రాయించి భార్య నడిపితే, ప్రమాదం రోజున తెలుస్తుంది ఆ పొదుపు ఖరీదు. కాలిఫోర్నియాలో కనీస బీమా మొత్తాలు 1967 నుంచి మారలేదు. 2025 జనవరి 1 నుంచి పెంచారు. ఇప్పుడు ఒక మనిషికి గాయమైతే 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 15 వేలు. అక్కడి ఆస్పత్రి ఖర్చులు తెలిసినవాళ్లకు ఇది కూడా తక్కువేనని తెలుసు.

ఒక చిన్న మాటలో ఎంతుంది!

ఇక అసలు సంగతికొస్తాను. టైటిల్ మీద ఇద్దరి పేర్లు రాయించుకునేటప్పుడు మధ్యలో ఒక మాట ఉంటుంది. 'అండ్' అని రాస్తే అమ్మేటప్పుడు ఇద్దరూ సంతకం చెయ్యాలి. 'ఆర్' అని రాస్తే ఎవరో ఒకరు చేస్తే చాలు. కౌంటరు దగ్గర ఫారం నింపే హడావిడిలో ఈ మాట మీద ఎవరి చూపూ నిలవదు.

మా పై అంతస్తులో గుంటూరు వైపు దంపతులు ఉండేవాళ్లు. అమ్మాయి ఎమ్మెస్సీ చదివింది. నాలుగేళ్ల బాబు. 2020 మార్చి మొదట్లో వాళ్లాయన తండ్రికి బాగోలేదని కబురొస్తే హడావిడిగా ఇండియా వెళ్లాడు. రెండు వారాల్లో వస్తానన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మార్చి 23 నుంచి మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. 25 నుంచి లాక్‌డౌన్. ఆయన అక్కడ ఇరుక్కుపోయాడు. ఏప్రిల్‌లో కంపెనీ ఉద్యోగం తీసేసింది. తమాషా చూడండి, అమెరికాలో ఉద్యోగం పోయిన కాగితాన్ని కూడా 'పింక్ స్లిప్' అనే అంటారు. ఆ అమ్మాయి చేతిలో రెండు పింక్ స్లిప్పులు.

ఉద్యోగం పోయిన హెచ్-1బి మనిషికి, అతని మీద ఆధారపడిన కుటుంబానికి మహా అయితే 60 రోజులు గడువు. 2017 జనవరి నుంచి వచ్చిన నియమం అది. అద్దె కట్టాలి. టిక్కెట్లు కొనాలి. బ్యాంకులో ఉన్నది కొద్ది. ఇంట్లో విలువైన వస్తువంటూ ఉంటే ఆ కారే. కొనడానికి మా అపార్ట్‌మెంట్లలోనే తెలుగు వాళ్లు ఒకరు సిద్ధపడ్డారు కూడా. తీరా టైటిల్ తీసి చూస్తే ఇద్దరి పేర్ల మధ్యన 'అండ్'. ఆయన సంతకం కావాలి. ఆయన గుంటూరులో ఉన్నాడు. మార్చి 27 నుంచి అక్కడి రవాణా ఆఫీసుల తలుపులు మూసేశారు. ఫోనులో ఫొటో తీసి పంపిన సంతకం పనికిరాదు, సిరాతో పెట్టిన అసలు సంతకమే కావాలి.

ఆ పిల్ల రాత్రి పది గంటలకు మా ఇంటికొచ్చి కూర్చుంది. ఏడవలేదు. "ఆంటీ, నాలుగేళ్లు నేనే నడిపాను ఈ కారు. సర్వీసింగ్ నేనే చేయించాను. ఇప్పుడు అమ్మడానికి మాత్రం నేను సగం మనిషినట" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చివరికి ఆయన పవర్ ఆఫ్ అటార్నీ ఫారం మీద సంతకం పెట్టి కొరియర్‌లో పంపించాడు. అది చేరేసరికి మే నెల సగమైంది. అప్పటికి వందేభారత్ విమానాలు మొదలయ్యాయి. కాగితం చేతికందిన వారానికే ఆమెకు సీటు దొరికింది. కొనేవాళ్లకు తొందర లేదు, ఆమెకు తొందర. ఇక ధర ఎంత తగ్గి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అలాగని 'ఆర్' రాయించుకుంటే అన్నీ సుఖమేనని చెప్పను. 'ఆర్' ఉంటే భర్త ఒక్కడే మీకు తెలియకుండా అమ్మేసుకోనూ వచ్చు. 'అండ్' మీకు రక్షణ. మీరు లేకుండా బండి చెయ్యి దాటదు. ఏ ఇంటికి ఏది మంచిదో ఆ ఇంటి ఇల్లాలికే తెలియాలి. అసలు మీ పేరే లేకపోతే ఈ రెండు మాటల గొడవే లేదు, సంతకం పెట్టే అవసరమూ లేదు, అడిగే హక్కూ లేదు. 'అండ్' రాయించుకున్నవాళ్లు ఎవరో ఒకరు దూరం వెళ్లేటప్పుడు పవర్ ఆఫ్ అటార్నీ కాగితం రాసి ఇంట్లో పెట్టి వెళ్తే చాలు. విమానం ఎక్కే ముందు గ్యాస్ కట్టామా, తలుపు వేశామా అని చూసుకుంటాం కదా, ఇదీ అలాగే.

గల్ఫ్‌లో సంగతి

అమెరికా ఒక్కటే కాదు. దుబాయ్‌లో మన లైసెన్సు చూపించి అక్కడిది మార్చుకోవడానికి లేదు. అక్కడి పరీక్ష పాసవ్వాల్సిందే. పాత కారు కొంటే ముందు బండికి పరీక్ష, ఇన్సూరెన్సు, పాత జరిమానాలన్నీ చెల్లింపు. ఆ తర్వాతే కొత్త పేరు మీద 'ముల్కియా' అనే రిజిస్ట్రేషన్ కార్డు వస్తుంది. సౌదీలో అయితే ఆడవాళ్లు స్టీరింగ్ పట్టుకోవడానికే 2018 జూన్ 24 దాకా ఆగాల్సివచ్చింది. అక్కడ నర్సులుగా పనిచేస్తున్న మన అమ్మాయిలు ఎందరో. డ్యూటీకి వెళ్లడానికి ఎవరో ఒకరి మీద ఆధారపడి ఎన్నేళ్లు గడిపారో వాళ్లకే తెలుసు.

మన ఊళ్లో 'ఓపెన్ సంతకాల' బండ్లు

ఇదంతా పరాయి దేశం గోల, మనకెందుకు అనుకుంటున్నారా? ఒక్కసారి మీ ఇంటి ముందున్న స్కూటర్ ఆర్.సి. తీసి చూడండి. పాత బండ్లు చాలా వరకు 'ఓపెన్ సంతకాల' మీదే చేతులు మారతాయి. అమ్మినవాడు 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేస్తాడు. కొన్నవాడు వాటిని బీరువాలో పెట్టుకుని, రెండేళ్లు తిప్పి, అలాగే ఇంకొకరికి అమ్మేస్తాడు. బండి మూడు చేతులు మారినా రికార్డులో పేరు మొదటివాడిదే.

దీని మీద 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది. 2009లో దానివల్ల ప్రమాదం జరిగింది. పరిహారం ఎవరివ్వాలి? రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, వాళ్లే ఇవ్వాలంది కోర్టు. ఎన్నడో అమ్మేశానంటే కుదరదంది.

చట్టంలో గడువులూ ఉన్నాయి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో కొన్నవాళ్ల పేరుకు మార్పించాలి. లేకపోతే బండికి దెబ్బ తగిలినప్పుడు కొన్నవాళ్లకు క్లెయిము రాదు. మన పిల్లలు హైదరాబాద్, బెంగళూరుల్లో కొన్న బండ్లు ఊరికి తెస్తుంటారు. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి అక్కడి నుంచి ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి.

అన్నిటికంటే మన ఆడవాళ్లు తెలుసుకోవాల్సింది మరొకటి. బండి యజమాని పోతే వారసులు 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లోగా 31 ఫారంతో పేరు మార్పించుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇది ఎవరికి గుర్తుంటుంది? అందుకే 2021 నుంచి ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకునే వీలు కల్పించారు. బ్యాంకు పాస్‌బుక్కులో నామినీ పేరు అడుగుతాం కానీ, ఇంటి ముందున్న బండికి ఎవరం అడగం.

కొనే ముందు, వెళ్లే ముందు

* పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు రెండు గడులూ నిండి ఉండాలి. మిగతా అన్ని కాగితాల మీదా అదే పేరుండాలి.

* ఇక్కడే బండి నేర్చుకుని లైసెన్సు తీసుకోండి. అంతర్జాతీయ పర్మిట్ వెంట ఉంచుకోండి. అక్కడికి వెళ్లాక అక్కడి లైసెన్సుకు ఆలస్యం చెయ్యకండి.

* కారు చూసేటప్పుడు 17 గుర్తుల నంబరు మూడుచోట్ల సరిపోల్చండి. చరిత్ర, వెనక్కి పిలిచిన లోపాలు చూడండి. మెకానిక్‌కు చూపించండి.

* డబ్బు చేతికిచ్చే ముందు టైటిల్ కళ్లతో చూడండి. అప్పు ఉందా, పొగ పరీక్ష అయిందా అడగండి.

* టైటిల్ మీద మీ పేరు రాయించండి. మధ్యలో ఏ మాట రాయాలో భార్యాభర్తలిద్దరూ ముందే అనుకోండి.

* అమ్మినప్పుడు అమ్మినట్టు తెలియజేసిన రసీదు దాచుకోండి. ఏ దేశమైనా, ఏ ఊరైనా.

* ఇక్కడి బండికి ఆర్.సి.లో నామినీ పేరు రాయించండి.

ఈ సంగతులు చెప్పినప్పుడు మా వీధిలో ఒక పెద్దావిడ, "మొగుడి మీద నమ్మకం లేకనా ఇవన్నీ?" అంది. నమ్మకం లేక కాదండీ. ఆ గుంటూరు అబ్బాయి చెడ్డవాడు కాదు. భార్యను ప్రేమగా చూసుకున్నవాడే, తండ్రి కోసం పరుగెత్తిన కొడుకే. అంత మంచి భర్త ఉండి కూడా ఆ అమ్మాయి ఒక సంతకం కోసం ఆరు వారాలు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. నమ్మకం మనుషుల మధ్య ఉండాల్సింది. ఆఫీసులో కౌంటరు అవతల కూర్చున్న మనిషికి మన నమ్మకం కనపడదు, కాగితం కనపడుతుంది.

ఆవకాయ జాడీ సర్దేటప్పుడే ఈ నాలుగు మాటలూ కూడా అమ్మాయికి చెప్పి పంపించండి. వీటికి బరువుండదు, విమానాశ్రయంలో ఎవరూ తీయించరు.